రెండు పరీక్షలు రెండు మాటలు చెబితే ఏది నమ్మాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. నా వయసు 34. బీకాం చదివాను. 11 ఏళ్లుగా ఒక మందుల హోల్‌సేల్ దుకాణంలో బిల్లులు, స్టాకు, జీఎస్టీ లెక్కలు చూస్తున్నాను. సాయంత్రాలు మా వీధి పిల్లలు నలుగురైదుగురికి లెక్కలు చెబుతాను. జీతం బొటాబొటిగా సరిపోతుంది. ఈమధ్య యజమాని పార్టీల (మా దగ్గర సరుకు కొనేవాళ్ల) ముందే నన్ను ఒక మాట అన్నారు. ఆ రాత్రి ఫోన్‌లో వృత్తి ఆసక్తుల పరీక్ష ఒకటి చేస్తే, నాకు సామాజిక, సృజనాత్మక, వ్యాపార రంగాలు తగినవని, టీచరు కావచ్చని వచ్చింది. పది రోజుల తర్వాత అదే పరీక్ష మళ్లీ చేస్తే క్రమబద్ధ, వ్యాపార, సామాజిక అని, అంటే ఇప్పుడు చేస్తున్న గుమాస్తా పనే తగినదని వచ్చింది. విశాఖలో ఉన్న మా బావమరిది ఒక సంస్థలో డేటా అనలిటిక్స్ కోర్సులో చేరమంటున్నాడు. ఫీజు 85,000 రూపాయలు. ఆ సంస్థవాళ్లు ఉచితంగా సైకోమెట్రిక్ (మనస్తత్వాన్ని కొలిచే) పరీక్ష పెట్టి, నాలో మంచి అనలిస్టు ఉన్నాడన్నారు. మాకు ఇద్దరు పిల్లలు. ఉద్యోగం మానాలా? ఈ మూడింటిలో దేనిని నమ్మాలి?

(నాలుగు పేజీల ఉత్తరానికి ఇది సారాంశం.)

సమాధానం: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడు పరీక్షల తగవు మాత్రమే కనబడింది. రెండోసారి చదివినప్పుడు, మీరు అడగని ప్రశ్నకు మీరే రాసుకున్న జవాబు ఒకటి మూడో పేజీలో దొరికింది. దాని దగ్గరకు తరువాత వస్తాను. ముందు ఆ పరీక్షలు ఏం చెప్పగలవో, ఏం చెప్పలేవో తేల్చుకుందాం.

మీరు రాసిన పేర్లను బట్టి, ఫోన్‌లో చేసినది జాన్ హాలండ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పద్ధతిలో తయారైన పరీక్ష. మనుషుల ఆసక్తులనూ వాళ్లు చేసే పనులనూ ఒకే ఆరు రకాలుగా విడదీయవచ్చునని, మనిషి రకమూ పని రకమూ కలిసినచోట ఆ మనిషి కుదురుకుంటాడని ఆయన 1959లో ప్రతిపాదించారు. చేతులతోను, యంత్రాలతోను చేసేవి ఒక రకం. శోధించి తెలుసుకునేవి రెండో రకం. కొత్తగా కల్పించేవి మూడు. మనుషులకు నేర్పేవి, సాయపడేవి, అంటే సామాజికమైనవి నాలుగు. ఒప్పించి నడిపించేవి, వ్యాపారం చేసేవి ఐదు. లెక్క, పద్దు, క్రమం తప్పకూడనివి ఆరు. ఈ ఆరింటినీ ఇదే వరుసలో ఒక షడ్భుజి మూలల మీద ఆయన అమర్చారు. పక్కపక్క మూలలవి దగ్గరి చుట్టాలు, ఎదురెదురు మూలలవి ఒకదానికొకటి పొసగనివి. ఈ అమరిక ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఈ పద్ధతిలో అమెరికా కార్మిక శాఖ ఉచితంగా ఇచ్చే పరీక్షలో 60 పనుల పేర్లు వరుసగా ఉంటాయి. ఒక్కొక్కటి మీకు ఎంత నచ్చుతుందో చెప్పమంటారు. అంతే. అది మీకు వచ్చా, నేర్చుకునే ఓపిక ఉందా, ఆ పనితో మీ ఊళ్లో ఇల్లు గడుస్తుందా అన్నవి ఆ కాగితం మీద ఉండవు. చేపల పులుసు ఇష్టమేనా అని అడిగితే మనమందరం అవునంటాం. చేపల పులుసు కాచడం వచ్చునా అన్నది వేరే ప్రశ్న, గోపాలపురం రేవు దగ్గర కొట్టు పెట్టి చేపల పులుసు అమ్మి బతకగలమా అన్నది మూడో ప్రశ్న. పరీక్ష మొదటి ప్రశ్నే అడిగింది. మీరు మాత్రం దానిని మూడింటికీ జవాబుగా తీసుకొని నిద్ర పాడుచేసుకుంటున్నారు.

అందులోనూ ఒక చిక్కు ఉంది. వంటింటి అల్మారాలు తయారుచేయడం, ఇటుకలు లేదా టైల్స్ పేర్చడం నచ్చుతుందా అనే ప్రశ్నలు ఆ అమెరికా పరీక్షలో ఉన్నాయి. చదువు సరిపోతుందా, డబ్బు ఎంత వస్తుంది అన్నవి ఆలోచించకుండా, పని ఒక్కటే ఊహించుకొని జవాబు చెప్పమని ఆ పరీక్ష మొదట్లోనే సూచిస్తుంది. మనవైపు డిగ్రీ చదివిన మనిషి ఆ సూచన పాటించడం దాదాపు అసాధ్యం. 'ఇటుకలు పేర్చడం' అన్న మాట కనబడగానే మన కళ్ల ముందు ఇటుక కనబడదు, మేస్త్రీ కనబడతాడు, అతని కూలి కనబడుతుంది, చుట్టాలు ఏమంటారో వినబడుతుంది. 'నచ్చదు' అని నొక్కేస్తాం. టీచరు అన్న మాటకు మర్యాద ఉంది గనుక 'నచ్చుతుంది' అని నొక్కుతాం. అంటే పనిమీద ఇష్టంతో పాటు పరువుమీద ఇష్టం కూడా మార్కుల్లో కలిసిపోతుంది. మన గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లే వేలాది మందిని ఈ ఇష్టాల ప్రశ్న ఏనాడూ ఎవరూ అడగలేదన్నది వేరే సంగతి. ఆ ప్రశ్న వేసుకునే తీరిక దొరకడమే మీకూ నాకూ దక్కిన అదృష్టం.

ఇక రెండు ఫలితాల సంగతి. మొదటి పరీక్ష యజమాని మాటపడిన రాత్రి చేశారు. ఆ రాత్రి 'రికార్డులు సరిచూడడం' అన్న పంక్తి దగ్గరకు వచ్చినప్పుడు మీకు గుర్తొచ్చినది రికార్డు కాదు, ఆ దుకాణం. అందుకే క్రమబద్ధమైన పనులకు మార్కులు పడిపోయి, వాటి చోటులోకి సృజనాత్మకం ఎక్కింది. పది రోజులకు మనసు చల్లబడ్డాక అది దిగిపోయి, లెక్కల పని మళ్లీ పైకి వచ్చింది. ఇందులో పరీక్ష తప్పేమీ లేదు. మీరు రెండుసార్లు ఇద్దరు వేర్వేరు మనుషులుగా జవాబు చెప్పారు. ఇటువంటప్పుడు మారినదాన్ని పక్కన పెట్టి, మారనిదాన్ని చూడాలి. రెండింటిలోనూ ఉన్నవి సామాజికం, వ్యాపారం. ఇప్పుడు ఆ షడ్భుజిని గుర్తుచేసుకోండి. నేర్పే పనికీ, లెక్కల పనికీ నడుమ మూలలో ఉన్నది వ్యాపారమే. కనుక మీ రెండు ఫలితాలు తగవులాడుకోవడం లేదు. ఆ మూడు మూలలూ వరుసగా ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. మరొక మాట. ఫలితంలో రంగాల పేర్లు కాకుండా వాటి పక్కనున్న అంకెలు చూడండి. ఒకదానికి 27, ఇంకోదానికి 26 వచ్చినా పరీక్ష వాటిని మొదటిది, రెండవది అనే రాస్తుంది. నెలాఖరు స్టాకు లెక్కలో ఒక డబ్బా తేడా వస్తే దొంగతనం జరిగిందని మీరు కేకలు వేయరు కదా.

మూడో పరీక్ష గురించి ఎక్కువ రాయను. కోర్సు అమ్మేవారు పెట్టే ఉచిత పరీక్షలో 'మీకు ఈ కోర్సు పనికిరాదు' అని ఎవరికైనా వచ్చిందేమో మీ బావమరిదినే అడగండి. అయితే 'మీలో ఇంకా వాడని శక్తి ఉంది, పైకి ధైర్యంగా కనబడినా లోపల సందేహపడతారు' వంటి వాక్యాలు చదివి, 'అచ్చంగా నా సంగతే' అనిపించిందని మీరు రాశారు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ అధ్యాపకుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితం వారికంటూ కాగితాలు పంచారు. ఎంత సరిగ్గా ఉందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చినది ఒకటే కాగితం. అందులోని వాక్యాలను ఆయన చాలామటుకు పత్రికల దుకాణంలో దొరికే జాతకాల పుస్తకం నుంచి తీసుకున్నారు. 'ఏలినాటి శని వల్ల చేసిన మేలు ఎవరూ గుర్తించరు' అని సిద్ధాంతిగారు చెప్పినప్పుడు తల ఊపని మనిషిని నేనింతవరకూ చూడలేదు. మీరూ అలాగే తల ఊపారు. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు, డబ్బు మాత్రం కట్టకండి.

ఇప్పుడు మూడో పేజీ దగ్గరకు వస్తాను. టీచరు కావాలన్నది మీ కోరిక. పిల్లలకు లెక్కలు చెప్పడం గురించి మీరు నాలుగు పేజీల ఉత్తరంలో రాసినది మూడు వాక్యాలు. 'మనసు తేలికపడుతుంది' అన్నారు. ఒక్క పిల్లవాడి సంగతి గానీ, వాడికి ఏ లెక్క ఎక్కడ ఆగిపోయిందో గానీ రాయలేదు. కానీ దుకాణంలో షార్ట్ ఎక్స్‌పైరీ (గడువు దగ్గరపడిన) సరుకు గురించి మాత్రం, నేను అడగకపోయినా, పేజీన్నర రాశారు. కొత్తగా వచ్చిన డబ్బాలు ముందు వరుసలో పెట్టేయడం వల్ల పాతవి వెనక పడి, తేదీ దాటి, కంపెనీ వెనక్కి తీసుకునే గడువు కూడా పోయి ఎలా నష్టం వచ్చేదో చెప్పారు. నెలకొక రంగు కాగితం చొప్పున ర్యాకులకు అంటించారు. సామాను మోసే కుర్రాళ్లిద్దరికీ ఒడియా తప్ప మరొకటి చదవడం రాదు గనుక నెలల పేర్లు ఒడియాలో రాశారు. వాళ్లలో ఒకడికి ఎంత చెప్పినా ఎక్కకపోతే, రెండు సిరప్ సీసాలు చేతికిచ్చి, 'ఇంట్లో చంటిపిల్లకు జ్వరం వస్తే ముందు ఏది ఖర్చుచేస్తావు?' అని అడిగారు. ఆ ప్రశ్నతో వాడికి అర్థమైందని, ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రాడికి వాడే నేర్పుతున్నాడని రాసినచోట మీ చేతిరాత కూడా మారింది; అక్షరాలు పెద్దవయ్యాయి.

నా దృష్టిలో మీరు చేసిన నాలుగో పరీక్ష ఇదే, మిగిలిన మూడింటి కంటే నమ్మదగినదీ ఇదే. మీకు నేర్పడం ఇష్టమే. అయితే బడి పాఠం కాదు, పని నేర్పడం. మీకు లెక్క ఇష్టమే. అయితే పద్దు రాసి మూసేయడం కాదు, లెక్కలో కనబడిన నష్టాన్ని పట్టుకొని ఆపడం. రెండో పరీక్ష మిమ్మల్ని గుమాస్తా అన్నదని చిన్నబుచ్చుకున్నారు గానీ, ఆ పేజీన్నర రాసిన మనిషి గుమాస్తా కాదు.

అలాగని నేను చదివినదే సత్యమని నమ్మవద్దు. ఒక ఉత్తరం ఒక సాక్ష్యమే. మీరు లెక్కల మనిషి, సాక్ష్యం ఎలా కూడబెట్టాలో మీకు చెప్పనక్కర్లేదు. వెనకటి కోమట్ల కొట్లలో ఏ రోజు జరిగినది ఆ రోజు చిట్టాలో పడేది, తర్వాత తీరిగ్గా ఖాతాల వారీగా రాసే పుస్తకం ఆవర్జాలోకి ఎక్కేది. మనం మన గురించి చెప్పేదంతా నేరుగా ఆవర్జాలో రాసేస్తాం, చిట్టా ఉండదు. మూడు వారాలు చిట్టా రాయండి. ఇరవై రూపాయల నోటుపుస్తకం చాలు. రోజూ రాత్రి పడుకునే ముందు, ఆ రోజు చేసిన పనుల్లో అరగంట దాటినవన్నీ, ఎంతసేపు చేశారో, మధ్యలో గడియారం చూశారో లేదో, ఆ పని ఎవరు అడిగితే చేశారో, ఎవరూ అడగకుండానే చేశారో రాయండి. 'ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట వరకు బిల్లింగ్, గడియారం చూడలేదు', 'సాయంత్రం ఎమ్మార్‌తో (మందుల కంపెనీ ప్రతినిధితో) బేరం, పది నిమిషాలకే విసుగు', 'కాకినాడ పార్టీ క్రెడిట్ నోట్ వెతికాను, అడిగినవారు లేరు' ఇలా పొడిపొడిగానే ఉండాలి. వ్యాఖ్యానం రాయవద్దు. 'నాకు గుర్తింపు లేదు' వంటి వాక్యం ఒక్కటి కూడా చిట్టాలో పడకూడదు, అది ఆవర్జా సరుకు. ట్యూషన్ చెప్పిన సాయంత్రాలు, చెప్పకుండా ఎగ్గొట్టిన సాయంత్రాలు కూడా రాయండి. మూడు వారాల్లో మీరు ఎన్నిసార్లు ఎగ్గొట్టారో చూస్తే, టీచరు కోరిక ఎంత గట్టిదో ఏ పరీక్షా చెప్పనంత తేటగా తెలుస్తుంది.

ఆ చిట్టాలో మరొక సంగతి తేలాలి. మీకు విసుగు పనిమీదనా, ఆ దుకాణం మీదనా? దీనిని తేల్చుకోకుండా వృత్తి మార్చినవారిలో నేనూ ఒకణ్ని. గజపతి జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెబుతూ ఉండగా, 32వ ఏట ప్రిన్సిపాలుతో మాటామాటా వచ్చి, అధ్యాపకత్వమే నాకు పడదని తీర్మానించుకొని బీమా ఏజెన్సీ తీసుకున్నాను. ఇంటింటికీ తిరిగి పాలసీ చెప్పేటప్పుడు నేను చేస్తున్నది పాఠమేనని, వినేవారు మాత్రం పాలసీ కొనడం లేదని అర్థం కావడానికి ఏడాదిన్నర పట్టింది. మరో కాలేజీలో తక్కువ జీతానికి చేరి రిటైరయ్యేదాకా పాఠాలే చెప్పాను. ఆ ఏడాదిన్నరలో మా ఇంట్లో అమ్మిన గాజుల జత ఇప్పటికీ మా ఆవిడ ఏ పెళ్లికైనా వెళ్లే ముందు గుర్తుచేస్తుంది. మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇదే పని, మర్యాదగా మాట్లాడే మరో యజమాని దగ్గర, నెలకు నాలుగు వేలు ఎక్కువకు దొరికితే వెళ్తారా? వెంటనే 'వెళ్తాను' అని నోటికి వస్తే మీకు కావలసినది కొత్త వృత్తి కాదు.

మన గురించి మనకే అన్నీ తెలుసుననుకోవడం కూడా సరికాదు. లోపలి భయం, దిగులు వంటివి మనకే బాగా తెలుస్తాయి. కానీ తెలివితేటలు, కొత్తగా ఆలోచించే నేర్పు వంటి వాటిని పక్కనున్నవారు మనకంటే సరిగా అంచనా వేస్తారని పరిశోధనలు చూపాయి, ఎందుకంటే అక్కడ మన అభిమానం అడ్డుపడుతుంది. కనుక దుకాణంలోని ఆ ఒడియా కుర్రాణ్ని, మీ దగ్గర ట్యూషన్‌కు వచ్చే ఒక పిల్లవాడి తల్లిని, మీతో లావాదేవీ ఉన్న ఒక రిటైల్ మందుల షాపు ఆయన్ను విడివిడిగా అడగండి. 'నేనెలాంటివాణ్ని?' అని అడిగితే మొహమాటానికి మంచిమాటలే చెబుతారు. 'ఏ పని వచ్చినప్పుడు ముందు నా దగ్గరకే రావాలనిపిస్తుంది?' అని అడగండి.

మనల్ని మనం తెలుసుకోవడం సగం పని మాత్రమే. 1908లో బోస్టన్‌లో మొట్టమొదటి వృత్తి సలహా కేంద్రాన్ని నడిపిన ఫ్రాంక్ పార్సన్స్ ఆనాడే చెప్పినది మూడు ముక్కలు: నిన్ను నువ్వు తెలుసుకో, పనిని తెలుసుకో, ఆ రెండింటినీ కలిపి ఆలోచించు. ఫోన్‌లో పరీక్ష చేసేవారందరూ మొదటి ముక్క దగ్గరే ఆగిపోతారు. రెండో ముక్కలో మీ విషయంలో నాకు తెలిసినంత చెబుతాను.

హైస్కూలు టీచరు ఉద్యోగానికి బీఎడ్ కావాలి, ఇప్పటి పద్ధతిలో అది సాధారణంగా రెండేళ్లు. ఇగ్నో వారి దూరవిద్య బీఎడ్ ఉంది కదా అనుకోవద్దు, అది ఇప్పటికే ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి ఉద్దేశించినది. తరువాత అర్హత పరీక్ష. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా మాట్లాడడం, చదవడం, రాయడం రావడంతో పాటు కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా ఉత్తీర్ణత చూపాలి. మీరు ఏడు వరకు తెలుగు మాధ్యమంలో చదివానన్నారు గనుక మీ సర్టిఫికెట్‌లో ఒడియా ఒక సబ్జెక్టుగా ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే ఆ స్థాయి పరీక్ష విడిగా రాయాలి. ఇచ్ఛాపురం దాటి అటు ప్రయత్నిద్దామంటే, చదువంతా బరంపురంలోనే కావడం వల్ల ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక అభ్యర్థిగా నిలవడం కష్టం. మన సరిహద్దువాళ్లందరికీ పాతకాలం నుంచీ ఉన్న తిప్పలే ఇవి. ఇవన్నీ దాటేసరికి మీకు 38 వస్తాయి. దాటకూడదని నేననను. కానీ మూడు వాక్యాలు రాసిన కోరిక కోసం నాలుగేళ్లు ఖర్చు పెట్టే ముందు చిట్టా చూడండి.

మీరు అసలు లెక్కలోకే తీసుకోని అర్హతలు రెండున్నాయి. తనను తాను అంచనా వేసుకునేటప్పుడు మనిషి లేని డిగ్రీలు లెక్కపెట్టుకుంటాడు గానీ, చేసిన ఏళ్లు ఏ తలుపులు తెరిచాయో చూడడు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్ ప్రకారం మందుల హోల్‌సేల్ లైసెన్సుకు, కొట్టులో అర్హుడైన మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి ఫార్మసీ చదివినవారే కానక్కర్లేదు. డిగ్రీ ఉండి మందుల వ్యాపారంలో ఒక ఏడాది అనుభవం ఉన్నా చాలు. మీకు 11 ఏళ్లుంది. స్థలం కనీసం పది చదరపు మీటర్లు ఉంటే సరిపోతుంది. అంటే సొంతంగా చిన్న స్టాకిస్టు కావడానికి గానీ, పెట్టుబడి ఉండి అర్హత లేని మరొకరితో భాగస్వామి కావడానికి గానీ, మరో హోల్‌సేల్ కొట్టులో అర్హుడైన వ్యక్తిగా ఎక్కువ జీతం అడగడానికి గానీ మీకు హక్కుంది. రెండోది, కామర్స్ డిగ్రీ ఉన్నవారు జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదై, నిర్ణీత పరీక్ష పాసై, చిన్న దుకాణాల రిటర్నులు దాఖలు చేయవచ్చు. ఆ పని దుకాణం కట్టేశాక రాత్రి కూడా చేసుకోవచ్చు. పది దుకాణాల పద్దులు చూడడం మొదలుపెడితే, ఆ దుకాణాల కుర్రాళ్లకు బిల్లింగ్ నేర్పవలసిన అవసరం దానంతటదే వస్తుంది. మీ మూడు మూలలూ అక్కడ కలుస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. హోల్‌సేల్ లైసెన్సుకు మీ అనుభవాన్ని కాగితం మీద చూపాలి. ఆ కాగితం ఇవ్వవలసినది ఎవరో మీకు తెలుసు. పార్టీల ముందు మాట అన్నాడని ఆ పెద్దమనిషితో తెగతెంపులు చేసుకుంటే, 11 ఏళ్లు మీవి కాకుండా పోయే ప్రమాదం ఉంది. మాట పడమని చెప్పడం లేదు. కోపం చల్లారాక ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు, 'నలుగురిలో అనకండి, తప్పుంటే లోపల చెప్పండి' అని చెప్పవచ్చు. మూడు వారాల చిట్టా అయ్యాక, ర్యాకుల ఏర్పాటు వల్ల ఎంత సరుకు పోకుండా ఆగిందో లెక్క కట్టి, జీతం సంగతి మాట్లాడండి. అది ఆయన కూడా కాదనలేని అంకె.

పర్లాకిమిడి మనకు దగ్గరే గనుక గిడుగు రామమూర్తిగారి సంగతి చెప్పకుండా ఉండలేను. 1880లో ఆయన అక్కడ చేరినది మామూలు బడిపంతులుగా. పాఠాలు చెబుతూనే, చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట మీద ఆసక్తి కలిగి, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకొని నేర్చుకున్నారు. ఆ భాషకు వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు, నిఘంటువు కూర్చారు. వ్యావహారిక భాషోద్యమం అంతకు తరువాతి మాట. సవర భాష తన వృత్తి అవునో కాదో తేల్చుకోవడానికి ఆయన బడి ఉద్యోగం మానలేదు, జీతం వస్తూ ఉండగానే దానిని ఇంటి అరుగు మీద పరీక్షించుకున్నారు. మీరు కూడా ఆదివారాలు రెండు గంటల చొప్పున, తెలిసిన మందుల షాపుల కుర్రాళ్లు నలుగురిని కూర్చోబెట్టి బిల్లింగ్, ఎక్స్‌పైరీ రిటర్నులు, జీఎస్టీ ప్రాథమికాలు ఒక నెల నేర్పి చూడండి. మనిషికి వంద రూపాయలైనా తీసుకోండి. ఉచితమైతే మొహమాటానికి వస్తారు, మీకు నిజం తెలియదు. రెండో ఆదివారం కూడా ఎంతమంది వస్తారన్నదే అసలు ఫలితం.

డేటా అనలిటిక్స్‌ను నేను కొట్టిపారేయడం లేదు. స్టాకు లెక్కల్లో నష్టం పట్టుకున్న మనిషికి ఆ పని నచ్చే అవకాశం ఉంది కూడా. కానీ నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి 85,000 అవసరం లేదు. కేంద్ర ప్రభుత్వం నడిపే స్వయం వేదికలో ఇటువంటి పాఠాలు ఉచితంగా చదవవచ్చు. సర్టిఫికెట్ పరీక్షకు మాత్రమే ఫీజు. అంతకంటే ముందు, మీ చేతిలోనే ఉన్న ఎక్సెల్‌లో గత రెండేళ్ల ఎక్స్‌పైరీ రిటర్నులను కంపెనీల వారీగా, నెలల వారీగా పేర్చి చూడండి. అర్ధరాత్రి వరకు కూర్చున్నా లేవాలనిపించకపోతే, అప్పుడు ఆ దారి గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

మీ ఉత్తరంలో మీ భార్య ప్రస్తావన ఒక్కచోటే, అదీ 'ఆమె ఏమీ అనదు' అని వచ్చింది. ఏమీ అనకపోవడం ఒప్పుకోవడం కాదు. చిట్టా పూర్తయ్యాక ఆమెకు ఇచ్చి చదవమనండి, నెల ఖర్చు ఎంతో, జీతం లేకుండా ఎన్ని నెలలు గడపగలరో ఆమె చేతనే రాయించండి. ఆరు నెలల ఖర్చు చేతిలో లేనంత వరకు రాజీనామా మాట ఎత్తకండి.

మీ బావమరిదికి ఇప్పుడే కాదని చెప్పి మనసు నొప్పించవలసిన పనిలేదు. ఆ సంస్థవాళ్లను ఒక్కటి అడిగి చెప్పమనండి: గత రెండు బ్యాచ్‌లలో బీకాం చదివి, ముప్పై దాటి, కోర్సు తర్వాత ఉద్యోగంలో చేరినవారు ఎవరైనా ఉంటే ఇద్దరితో మీకు ఫోన్‌లో మాట్లాడించమని. మాట్లాడిస్తే జీతం ఎంత అని అడగకండి. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాక మధ్యాహ్నం భోజనం దాకా ఏం చేస్తారో వివరంగా అడగండి. వాళ్లు చెప్పినదాన్ని మీ చిట్టా పక్కన పెట్టి చూడండి. మాట్లాడించకపోతే, ఆ 85,000 రూపాయలు ఇంట్లోనే ఉండనివ్వండి. పది చదరపు మీటర్ల గదికి అడ్వాన్సు ఎంత అవుతుందో ఈలోగా వాకబు చేయండి.